జాతీయ గీతంతో సర్వీసు

టేబుల్ టెన్నిస్‌లో అంతర్జాతీయ ఆటగాడు కావడం ఎలాగని అడగడానికి రాజాంలో మా ఇంటికి అప్పుడప్పుడు పిల్లలు వస్తుంటారు. వెనకే తండ్రులు వస్తారు. తండ్రులు అడిగేది వేరు. "దేశం మారిపోతే తొందరగా అయిపోతాదంట గదా?" అని నెమ్మదిగా, గుమ్మం దగ్గర నిలబడి అడుగుతారు.

అవుతుంది. నాకు అయింది. నేను మన జిల్లా జట్టులో రెండో ఆటగాణ్ణి. రాష్ట్ర జట్టుకి ఒక్కసారి కూడా ఎంపిక కాలేదు. అయినా చాలా ఏళ్లపాటు ఒక దేశానికి జాతీయ ఛాంపియన్‌ని, జట్టు కెప్టెన్‌ని. ఆ ఉద్యోగం నిజంగా ఎలా ఉంటుందో ఇక్కడ రాస్తున్నాను. కప్పులు, సన్మానాలు, శాలువాలు వదిలేస్తాను. అవి అందరికీ ఒకేలా ఉంటాయి.

ఆ దేశం పేరు రాయను. పసిఫిక్ సముద్రంలో ఉంది. మ్యాపు కాస్త నాసిరకంగా అచ్చయితే కనపడదు. నన్ను ఆదరించిన మనుషులు వాళ్లు. వాళ్లను నవ్వులపాలు చేయడం నాకిష్టం లేదు. నవ్వొచ్చే పనులన్నీ చేసింది నేను, డబుల్స్‌లో నా జోడీ లియాంగ్, మా టేబుల్ టెన్నిస్ సంఘం ప్రెసిడెంటు గారు.

మిల్లు క్లబ్బులో బల్ల

మా నాన్న జూట్ మిల్లులో పని చేసేవాడు. మా అమ్మ తమ్ముడు సింహాచలం మావ అదే మిల్లులో మేస్త్రీ. మిల్లు క్లబ్బులో ఒకే ఒక్క టేబుల్ టెన్నిస్ బల్ల ఉండేది. దానికి ఒక పక్కన పైకప్పు కారేది. ఆ పక్క చెక్క నాని, ఉబ్బి, మెత్తబడిపోయింది. బంతి అక్కడ పడితే లేవదు. సింహాచలం మావ నాకు ఆట నేర్పిన రోజు నుంచి నన్ను ఆ పక్కనే నిలబెట్టాడు.

"మావా, ఇటు బంతి లెగట్లేదు" అంటే, "లెగిసిన బంతిని ఎవుడైనా కొడతాడు. లెగనిదాన్ని కొట్టు" అనేవాడు.

అలా నేను చచ్చిన బంతిని లేపడం, లేచిన బంతిని చంపి పంపడం నేర్చుకున్నాను. తర్వాత మావ విశాఖపట్నం నుంచి బుడిపెల రబ్బరు తెచ్చి నా బ్యాటుకి ఒక వైపు అంటించాడు. దానితో ఆడితే బంతి ఎదుటివాడు అనుకున్నట్టు రాదు. వాడు తిప్పి పంపిన తిప్పుడే వాడి మీదకి తిరగబడుతుంది. చూడ్డానికి మాత్రం ఏమీ బాగుండదు. నా ఆట చూసినవాళ్లెవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక సెలెక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, "బాబూ, నువ్వు గెలుస్తున్నావు, కాదనను. కానీ నీ ఆట చూస్తుంటే నాకు ఆవలింతలొస్తున్నాయి" అన్నాడు. రాష్ట్ర జట్టులో నా ప్రయాణం ఆ ఆవలింతతో ముగిసింది.

కొత్తగా ఆటలోకి వచ్చేవాళ్లకి ఒక మాట. మీ ఆట అందంగా లేదని ఎవరైనా అంటే మార్చుకోకండి. అందమైన ఆట ఆడేవాళ్లు మన దేశంలో వేలమంది ఉన్నారు. వాళ్లందరూ ఒకరికొకరు అలవాటు పడిపోయి ఉంటారు. మీకు ఎవరూ అలవాటు పడకపోవడమే మీ బలం.

దేశం దొరికిన విధం

నేను చదివింది ఐటీఐ, ఫ్రిజ్‌ల పని. కళింగపట్నంలో చేపల వాళ్లకి ఐసు అమ్మే ఫ్యాక్టరీలో కొన్నాళ్లు మెకానిక్‌గా చేశాను. అక్కడికి వచ్చిన ఏజెంటు ఒకడు ఆ ద్వీపంలో చేపల కంపెనీకి కోల్డ్ స్టోరేజీ మెకానిక్ కావాలంటే వెళ్లాను. నా భార్య సత్యవతి కొన్ని నెలల తర్వాత వచ్చింది.

కోల్డ్ స్టోరేజీ పక్కనే ఒక బేకరీ. బేకరీ వెనక షెడ్డులో ఒక బల్ల. బేకరీ యజమానే ఆ దేశపు టేబుల్ టెన్నిస్ సంఘానికి ప్రెసిడెంటు, కార్యదర్శి, జాతీయ ఛాంపియనూ. బాగా భారీ మనిషి, అరవైకి దగ్గర పడ్డాడు, మోకాళ్లు పోయాయి. ఒక సాయంత్రం రొట్టె కొనడానికి వెళ్లి, ఆయనతో ఆడి, ఓడించాను. ఆయన బ్యాటు బల్ల మీద పెట్టేశాడు.

"మీ దేశంలో నీలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"జిల్లాకి ఇద్దరు ముగ్గురు ఉంటారండి" అన్నాను. ఉన్న మాటే.

ఆయన మైదా బస్తా మీద కూలబడ్డాడు. "వాళ్లలో ఒక్కణ్ణి మాకిస్తే మీ దేశానికేం తగ్గదు" అన్నాడు.

అక్కడ ఉండాల్సిన ఏళ్లు పూర్తయ్యాక పౌరసత్వం ఇప్పించింది ఆయనే. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి ఇక్కడిది వదులుకోవాలి. ఆ సంగతి చెబుదామని ఇంటికి ఫోను చేస్తే సింహాచలం మావ ఎత్తాడు.

"ఒరే పైడిరాజూ, దేశం మారిపోతే ఇంటిపేరు ఏటవుతాది?"

"ఇంటిపేరు అదే మావా."

"మరి పైడితల్లి అమ్మవారి పండక్కి వస్తావా?"

"వస్తాను. వీసా తీసుకుని వస్తాను."

"అమ్మోరి కాడికి వీసా ఏటిరా" అని ఫోను పెట్టేశాడు.

సత్యవతి మారనంది. "నీకంటే ఆట ఉన్నాది. నానెందుకు మారాల? ఇద్దరం మారిపోతే ఇంటికి తిరిగొచ్చినప్పుడు తలుపు తీసీ మనిషి కావాల గదా" అంది. అప్పటి నుంచి ప్రతి విమానాశ్రయంలోనూ మేం విడిపోయేవాళ్లం. అక్కడ దిగితే నేను సొంతవాళ్ల వరసలో, తను పరాయివాళ్ల వరసలో. ఇక్కడ దిగితే తను సొంతవాళ్ల వరసలో, నేను పరాయివాళ్ల వరసలో. ఏ దేశంలో దిగినా ముందు బయటపడ్డవాళ్లు రెండో వాళ్ల కోసం సామాన్లతో ఎదురుచూడాలి. మా కాపురంలో సగం గొడవలు ఆ సామాన్ల దగ్గరే జరిగాయి.

ప్రమాణం చేసిన రోజు జాతీయ గీతం పాడాలి. ఆ దేశంలో బయటివాళ్లతో అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడతారు, అందుకని వాళ్ల సొంత భాష నాకు పట్టుబడలేదు. గీతాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టాను. అందులో సముద్రం వస్తుంది, కొండ వస్తుంది, గాలి వస్తుంది, తల్లి వస్తుంది. ఆ నాలుగు మాటల అర్థం ప్రెసిడెంటు గారే చెప్పారు. నేను పాడుతుంటే ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చారు.

ఆ మర్నాడు తెలిసింది అసలు సంగతి. ఇరవై ఒక్క ఏళ్లు దాటాక దేశం మారినవాడు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆడడానికి రూలు ఒప్పుకోదట. నాకప్పుడు ముప్పై దాటాయి. ప్రెసిడెంటు గారికీ ఆ రూలు అప్పుడే తెలిసింది. ఇద్దరం షెడ్డులో కూర్చున్నాం. ఆయన, "ప్రపంచం పోతే పోనీ, చుట్టూ సముద్రం మనదే కదా" అన్నారు. చుట్టుపక్కల ద్వీపాల మధ్య జరిగే పోటీలకి అడ్డు లేదు. నా అంతర్జాతీయ జీవితం అలా మొదలైంది. మీరు మాత్రం రూలు ముందు చదవండి, ప్రమాణం తర్వాత చేయండి.

రొట్టె బొమ్మ చొక్కాలు

మంచి బాసు ఎలా ఉంటాడని అడిగితే మా ప్రెసిడెంటు గారినే చూపిస్తాను. ఆయన చేసిన తప్పులు లెక్కపెట్టలేం. వాటిని సర్దుకోవడంలో ఆయనంతటివాడు లేడు.

మొదటి పోటీలకి మాకు తెల్ల చొక్కాలు కుట్టించారు. దేశం పేరు వీపు మీద నీలం అక్షరాలతో ఎంత బాగుందో! తీరా హాలులోకి వెళ్తే రిఫరీ బల్ల దగ్గరికి రానివ్వలేదు. బంతి తెలుపు, చొక్కా తెలుపు. ఎదుటివాడికి బంతి కనపడదు. చొక్కా రంగు బంతి రంగుకి వేరుగా ఉండాలన్నది ఈ ఆటలో మొట్టమొదటి రూలు. అది కూడా మాకు అక్కడే తెలిసింది.

ప్రెసిడెంటు గారు కంగారు పడలేదు. సంచీలోంచి బేకరీ పనివాళ్లు వేసుకునే గోధుమరంగు టీషర్టులు తీశారు. దారిలో ఎవరికైనా పంచిపెడదామని ప్రచారానికి తెచ్చుకున్నవి. ముందు పెద్ద రొట్టె బొమ్మ, కింద 'రోజూ తాజాగా' అని ఇంగ్లీషులో. జట్టంతా అవే వేసుకుని ఆడాం. ఆ సముద్రం చుట్టుపక్కల దేశాల్లో మా దేశం పేరు తెలియనివాళ్లకి కూడా 'రొట్టెల జట్టు' అంటే తెలుసు. ఒక దేశం వాళ్లయితే ప్రారంభోత్సవం కవాతులో మమ్మల్ని క్యాంటీను సిబ్బంది అనుకుని వెనక ద్వారం చూపించారు. ప్రెసిడెంటు గారు జెండా పట్టుకుని ఆ వెనక ద్వారంలోంచే ఠీవిగా నడిచారు. వంటవాళ్లు లేచి నిలబడ్డారు.

లియాంగ్‌కి తెలుగు

నేను ఆడడం మొదలుపెట్టిన రెండో ఏడు లియాంగ్ జట్టులోకి వచ్చాడు. చైనాలో వాళ్ల ఊళ్లో వాడి పరిస్థితి రాజాంలో నా పరిస్థితే. ఆ ద్వీపంలో సుత్తులు, మేకులు అమ్మే కొట్టు పెట్టుకున్నాడు. వాణ్ణి కూడా ప్రెసిడెంటు గారే పట్టుకుని పౌరుణ్ణి చేశారు. నేను బంతిని చంపేవాణ్ణి, వాడు పిడుగులా కొట్టేవాడు. డబుల్స్‌లో ఇద్దరం కుదిరాం.

డబుల్స్‌లో సర్వీసు ఎలా వేయబోతున్నామో జోడీకి ముందే చెప్పుకోవాలి. బల్ల కింద వేళ్లతో సైగ చేసేవాళ్లు ఉన్నారు. లియాంగ్‌కి కళ్లజోడు. కిందకి వంగి చూస్తే కళ్లజోడు జారేది. మాటతోనే చెప్పాలి. ఇంగ్లీషులో చెబితే అందరికీ తెలుస్తుంది. చైనా భాషలో చెబుదామంటే ఆ చుట్టుపక్కల ప్రతి దేశం జట్టులోనూ లియాంగ్‌లాంటివాళ్లు ఒకరిద్దరు ఉన్నారు. మా ఇద్దరిలో ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియని భాష ఉన్నది నా ఒక్కడికే. అలా లియాంగ్ తెలుగు నేర్చుకున్నాడు.

మా ఇంట్లో భోజనం చేస్తూ నేర్చుకున్నాడు కాబట్టి సత్యవతి తెలుగే వాడికి వచ్చింది. కొన్నాళ్లకే "బావా, దగ్గిర ఎయ్యి", "తిప్పకు, ఉత్తినే ఎయ్యి" అనేవాడు. సత్యవతిని సెల్లీ అని పిలిచేవాడు. ఆమె నన్ను తిట్టే మాటలు కూడా ఆటకి సంబంధించినవే అనుకున్నాడు. ఒక పోటీలో ప్రెసిడెంటు గారు విరామంలో సలహాలు చెబుతుంటే వాడు చాలా గౌరవంగా తల వంచి, "ఊరుకోసే, నీకేటి తెలుసు" అన్నాడు. ఆయన అది తెలుగులో కృతజ్ఞత చెప్పడం అనుకున్నారు. ఆ తర్వాత మేం గెలిచినప్పుడల్లా ఆయన నా చెయ్యి పట్టుకుని అదే మాట తిరిగి నాకు చెప్పేవారు. నేను సరిదిద్దలేదు. ఆయన మొహంలో అంత ప్రేమ ఉండేది.

ఆ భాషతో మేం ఆరేడు దేశాల్ని ఓడించాం. ఎవరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. శ్రీకాకుళం తెలుగుకి అంతర్జాతీయ స్థాయిలో అంతకుమించి ఉపయోగం ఎప్పుడైనా కలిగిందో లేదో నాకు తెలియదు.

విదేశీయుడు దిగిన ఇల్లు

నా చివరి పెద్ద పోటీ విశాఖపట్నంలో జరిగింది. నాలుగు దేశాల ఆహ్వాన టోర్నమెంటు. మన దేశం తరఫున ఇరవై ఏళ్ల లోపు కుర్రాళ్ల జట్టుని దింపారు. మా తరఫున నేను, లియాంగ్, మూడో ఆటగాడిగా ప్రెసిడెంటు గారు. రావలసిన మూడోవాడికి కాలు బెణికింది. ప్రెసిడెంటు గారికి అది బాధ కలిగించలేదని మొహం చూస్తే తెలిసిపోయింది. అన్నేళ్లు సంఘం నడిపి, అందరికీ టిక్కెట్లు కొని, ఆయన ఒక్క అంతర్జాతీయ మ్యాచి ఆడలేదు.

పోటీకి ముందు వాళ్లిద్దర్నీ తీసుకుని రాజాం వచ్చాను. మర్నాడు పొద్దున్నే కానిస్టేబులు ఒకాయన మోటారు సైకిల్ ఆపి లోపలికి వచ్చాడు. సింహాచలం మావ అరుగు మీద పేపరు చదువుతున్నాడు.

"తాతా, మీ ఇంట్లో విదేశీయులు దిగినారంట. స్టేషన్లో సెప్పాల కదా."

"ముగ్గురు దిగినారు. అదిగో ఆ పెద్దాయన ఒకడు. ఆ కళ్లజోడోడు ఒకడు."

"మూడో ఆయన?"

మావ నన్ను చూపించాడు. నేను లుంగీ కట్టుకుని పళ్లు తోముకుంటున్నాను.

కానిస్టేబులు నన్ను పైనుంచి కిందకి చూసి, మావ వైపు తిరిగి, "ఈయనకి మన బాస తెలుస్తాదా?" అని అడిగాడు.

"తెలవకపోవడం ఏటి! ఆడి సెవులు నా ఒళ్లో కూకోబెట్టి కుట్టించినాను. ఆడు ఏడిసిన ఏడుపు కూడా తెలుగే."

"అయితే విదేశీయుడు ఎలాగవుతాడు?"

"అదే నాను ఆడిని అడుగుతన్నాను. ఇన్నేళ్లయి సెప్పట్లేదు."

ఇంతలో లియాంగ్ బయటికి వచ్చి, "ఏటి మావా, ఎవులొచ్చినారు? టీ ఎట్టమంటావా సెల్లిని?" అన్నాడు. కానిస్టేబులు లియాంగ్ వైపు తిరిగి, "మీది ఏ ఊరు బాబూ, పాలకొండ వైపా?" అన్నాడు.

ముగ్గురి పాస్‌పోర్టులూ చూపించాం. ఆయన టీ తాగి, పోతూ పోతూ నాతో మాత్రం ఇంగ్లీషులో "వెల్‌కమ్ టు ఇండియా" అని చెప్పి వెళ్లాడు.

నిలబడి ఆడిన డబుల్స్

మన దేశంతో మా మ్యాచి రోజు రాజాం నుంచి మిల్లు వాళ్లు బస్సు కట్టించుకుని వచ్చారు. గ్యాలరీలో ఎవరి వైపు కూర్చోవాలో తేలక మెట్ల మీద నిలబడి తగవు పడ్డారు. "మనోడు కదా" అని కొందరు, "మన దేశం కదా" అని కొందరు. చివరికి సింహాచలం మావ తీర్పు చెప్పాడు. "బాగా ఆడినోడికి సప్పట్లు. తప్పు ఆడినోడికి తిట్లు. ఎవుడైతే ఏటి."

మొదటి సింగిల్స్ నేను ఓడిపోయాను. రెండోది లియాంగ్ ఓడిపోయాడు. ఐదు ఆటల్లో మూడోది డబుల్స్. అది ఓడితే పోటీ అక్కడితో సరి. గెలిస్తే నాలుగో ఆట ప్రెసిడెంటు గారిది. ఆయన అప్పటికే రొట్టె బొమ్మ చొక్కా లోపలికి దోపుకుని, బెంచీ చివర కూర్చుని బ్యాటు తుడుచుకుంటున్నారు. ఏమీ అడగలేదు. ఒకే చోట రుద్ది రుద్ది తుడుస్తున్నారు. నాకు ఆ రోజు దేశాల గురించి ఆలోచన లేదు. ఆయన్ని ఆడించాలి, అంతే.

ఎదురుగా ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు ఉత్తరాది వాడు. రెండో వాడి పేరు తేజ. అంతకు మించి నాకు తెలియదు. మొదలుపెట్టాం. లియాంగ్ "బావా, దగ్గిర" అంటాడు, నేను దగ్గర వేస్తాను, తేజ అప్పటికే ముందుకి వచ్చి నిలబడి ఉంటాడు. "దూరం" అంటే దూరంగా జరిగి ఉంటాడు. మొదటి గేము చిత్తుగా పోయింది. రెండో గేములో నేను, "ఏటిరా లియాంగూ, ఈడికి ముందే తెలిసిపోతన్నాది" అన్నాను.

తేజ నవ్వాపుకోలేక, "మాది ఇజీనారమే బాబాయ్" అన్నాడు.

విజయనగరం, రాజాంకి పక్కనే. ప్రపంచమంతా పనిచేసిన భాష మా ఇంటి పక్కకి వచ్చేసరికి పనికిరాకుండా పోయింది. దానికి తోడు పైనుంచి సింహాచలం మావ, "ఒరే పైడీ, ఆడికి ఎడం పక్క కాలు రాట్లేదు, అటెయ్యి!" అని అరిచాడు. ఆ మాట విని తేజ కాలు సరిచేసుకున్నాడు. "ఆఁ, అలగ! బాగా నిలబడ్డావు బాబూ!" అని మావ వాణ్ణి కూడా మెచ్చుకున్నాడు. తప్పు కంటపడితే ఊరుకోలేడాయన, అది ఎవరిదైనా.

"ఏటి సేద్దుం బావా?" అన్నాడు లియాంగ్. అది కూడా తేజకి అర్థమైంది.

ఇంగ్లీషు అందరికీ వచ్చు. వాడి భాష నాకు రాదు. మా ఇద్దరికీ వచ్చి, ఎదుటివాళ్లకి రాని మాటలు ఏమున్నాయని వెతికితే ఒక్కటే దొరికింది. ప్రమాణం రోజు కోసం ఇద్దరం బట్టీ పట్టిన మా దేశం జాతీయ గీతం. లియాంగ్ చెవిలో గబగబా చెప్పాను. సముద్రం అంటే దగ్గర. కొండ అంటే దూరం. గాలి అంటే తిప్పకుండా. తల్లి అంటే బాగా కోసి, బంతి అడుగున గీరి తిప్పి.

గీతంలో ఆ మాటలు విడివిడిగా మాకు రావు. ముందు రెండు మాటలు పాడుకుంటే గాని మూడోది నోటికి రాదు. అందుకని ప్రతి సర్వీసుకీ ముందు కాస్త రాగం తీసి, కావలసిన మాట దగ్గర ఆపేవాళ్లం. మొదటిసారి లియాంగ్ సన్నగా పాడి 'సముద్రం' దగ్గర ఆగాడు. వేశాను. తేజ వెనక్కి పోయి ఉన్నాడు. పాయింటు మాది.

నాలుగైదు పాయింట్లు అలా గడిచాక హాల్లో ఏదో గోల. తిరిగి చూస్తే బెంచీ దగ్గర ప్రెసిడెంటు గారు లేచి నిటారుగా నిలబడి ఉన్నారు. కుడి చెయ్యి గుండె మీద. కళ్ల నీళ్లు. ఆయన వెనక గ్యాలరీలో ఉన్న మిల్లు వాళ్లు ఇదేదో పద్ధతి కాబోలనుకుని ఒక్కొక్కరే లేచారు. వాళ్లని చూసి అవతలి గ్యాలరీ లేచింది. సింహాచలం మావ భుజం మీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

అంపైరు ఆట ఆపించాడు. ప్రెసిడెంటు గారి దగ్గరకి వెళ్లి కూర్చోమన్నాడు.

"మా జాతీయ గీతం వస్తుంటే ఎలా కూర్చుంటాను?" అన్నారాయన.

"ఎక్కడొస్తోంది?"

ఆయన మా ఇద్దర్నీ చూపించారు. అంపైరు రిఫరీని పిలిచాడు. రిఫరీ రూల్సు పుస్తకం తిరగేశాడు. ఆటగాళ్లు సర్వీసుకి ముందు తమ జాతీయ గీతం పాడుకోకూడదని అందులో ఎక్కడా లేదు. వింటున్నవాళ్లు నిలబడకూడదని కూడా లేదు. "కాస్త నెమ్మదిగా పాడుకోండి" అని మాకు చెప్పి ఆట కొనసాగించమన్నాడు. ఆ డబుల్స్ మిగతా అంతా అందరూ నిలబడే చూశారు. తేజ జోడీ కుర్రాడు ఉత్తరాది వాడు, మహా మర్యాదస్తుడు. మేం పాడినంతసేపూ వాడు చేతులు కిందకి దించి కదలకుండా నిలబడి, ఆ తర్వాత హడావిడిగా బ్యాటెత్తేవాడు. అది మాకు కొంత కలిసొచ్చింది.

ఐదో గేము ఆఖర్లో నేను 'తల్లి' దాకా పాడి, బాగా కోసి వేశాను. తేజ బంతి నెట్టులో పడింది. గెలిచాం. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టవచ్చో లేదో ఎవరికీ తెలియలేదు. లియాంగ్ నన్ను ఎత్తుకున్నాడు.

ప్రెసిడెంటు గారు బల్ల దగ్గరకి నడిచిన తీరు నేను మర్చిపోను. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషిలా నడవలేదు. ఎదురుగా పందొమ్మిదేళ్ల కుర్రాడు. మొదటి గేములో ఒక్క పాయింటు రాలేదు. రెండో గేములో బంతి బల్ల అంచుకి తగిలి జారిపోయి ఆయనకి ఒక పాయింటు వచ్చింది. అప్పుడు లేచింది విశాఖపట్నం హాలు! అన్ని చప్పట్లు నేను నా జీవితమంతా కలిపి వినలేదు. ఆయన నాలుగు దిక్కులకీ తిరిగి దణ్ణం పెట్టారు. మ్యాచి ఓడిపోయి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, తెలుగులో అన్నారు: "ఊరుకోసే, నీకేటి తెలుసు."

బయట బస్సు దగ్గర సింహాచలం మావ నిలబడి ఉన్నాడు. కాళ్లకి దణ్ణం పెట్టాను.

"డబుల్స్‌లో మన కుర్రోల్ని ఓడించీసినావు. సిగ్గు నేదేటిరా?" అన్నాడు. నేను తలెత్తేలోగానే, "ఆ నాలుగో గేములో బంతి ఎత్తుగా ఎందుకు లేపీసినావు? అలగేనా నేర్పినాను? ఆ దెబ్బకి ఓడిపోవాల నువ్వు!" అని మళ్లీ తిట్టాడు. గెలిచినందుకు ఒకసారి, ఓడిపోవలసినందుకు ఒకసారి. బస్సు కదిలేదాకా తిట్టాడు. కిటికీలోంచి కూడా తిట్టాడు.

ముఖ్య అతిథి

ఆ తర్వాత రెండేళ్లు ఆడి మానేశాను. మోచెయ్యి పోయింది. సత్యవతి, నేను రాజాం వచ్చేశాం. నాకు ఇప్పటికీ ఆ దేశం పాస్‌పోర్టే. జిల్లా వెటరన్స్ పోటీలో ఆడతానంటే విదేశీయులకి లేదన్నారు. దానికి నాకేమీ కోపం లేదు. కాకపోతే అదే పోటీకి నన్ను ముఖ్య అతిథిగా రమ్మన్నారు. 'అంతర్జాతీయ విదేశీ క్రీడాకారుడు' అని బ్యానరు వేశారు.

వేదిక మీదకి వెళ్తే నా పక్కన ఇంకో మైకు ఉంది. ఒక కాలేజీ మాస్టారు నిలబడి ఉన్నారు. విదేశీయుడి ప్రసంగాన్ని తెలుగు చేయడానికి ఆయన్ని పిలిచారట. నాకు తెలుగు వచ్చని చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. కొత్త పంచె కట్టుకుని వచ్చారు పాపం. వాళ్ల ఇంటివాళ్లు కూడా ముందు వరసలో ఉన్నారు. సరే ఉండండి మాస్టారూ అన్నాను.

"పిల్లలూ, పొద్దున్నే లెగండి" అన్నాను.

"చిరంజీవులారా, ఉషోదయాన మేల్కొనుడు!" అన్నారాయన.

"సర్వీసు బాగా సాధన సెయ్యండి."

"ప్రథమ ప్రయోగమును నిరంతరం అభ్యసించుడు!"

జనానికి బాగా నచ్చింది. నేను చెప్పింది విని అర్థం చేసుకునేవారు, ఆయన చెప్పింది విని చప్పట్లు కొట్టేవారు. అలా కాసేపు సాగాక ప్రశ్నలు అడగమన్నారు. వెనక నుంచి గజపతినగరం ఆవిడ ఒకరు లేచారు. కూతురు ఈ ఆటే ఆడుతుందట, రాష్ట్ర జట్టులో చోటు దొరకలేదట, ఎవరో ఒక చిన్న దేశం సంగతి చెప్పారట.

"బాబూ, మా గుంట బాగా ఆడతాది. అక్కడికి పంపితే బాగా సూస్తారేటి?"

"బాగా సూస్తారమ్మా. ఇంట్లో మనిషిలాగ సూస్తారు."

"ఓడిపోతే ఏటంటారు?"

"ఏటీ అనరు. బాగా ఆడినావు అని భుజం తట్టి, రొట్టె ఎడతారు."

"గెలిస్తే?"

"గెలిసినా అదే."

"మరి ఇక్కడ మీవోళ్లు?"

"ఓడితే తిట్టినారు. గెలిస్తే ఇంకా తిట్టినారు."

ఆవిడ పక్కన కూర్చున్న కూతురి వైపు చూసింది. ఆ పిల్ల బ్యాటు కవరు జిప్పు లాగుతూ తల దించుకుని ఉంది.

"అయితే వొద్దులెండి. ఓడిపోయొచ్చిన గుంటని తిట్టీ మనిషి కూడా నేకపోతే, అది ఎవులికి సెప్పుకుని ఏడుస్తాది?" అని కూర్చుంది.

మాస్టారు ఆ మాట కూడా తెలుగు చేద్దామని మైకు దగ్గరకి వంగి, నోరు తెరిచి, నా వైపు ఒకసారి చూసి, మైకు ఆపేశారు.